కోరాడవారి జీపుకి కొత్త షాకులు

బూరుగుపాలెంలో కోరాడవారింటి తెలివి గురించి ఎవర్నడిగినా చెబుతారు. ఎవరూ చెప్పకపోయినా ఫరవాలేదు, వాళ్ళే చెబుతారు. "మాది మాట మీద నిలబడే వంశం," అనేవాడు ఇంటిపెద్ద సన్యాసయ్య మీసం దువ్వుకుంటూ. "ఎదుటివాడు ఏం చెబితే అది చేస్తాం. ఒక్క ముక్క కలపం, ఒక్క ముక్క తియ్యం. సొంత బుర్ర వాడినవాడే చెడిపోతాడు." ఆ మాట మాత్రం నిజం. ఆ ఇంట్లో సొంత బుర్ర వాడి చెడిపోయినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

ఇంట్లో మగవాళ్ళు నలుగురు. సన్యాసయ్య, ఆయన తమ్ముడు అప్పలకొండ, ఇల్లరికం వచ్చిన అల్లుడు పోలినాయుడు, సన్యాసయ్య కొడుకు గౌరి. నలుగురికీ కలిపి ఒక పాత జీపు. వీళ్ళందర్నీ కనిపెట్టుకుని ఉండడానికి గౌరి నాయనమ్మ ఎర్రమ్మ. గౌరికి మాత్రం అప్పుడప్పుడు ఓ అనుమానం వచ్చేది, మనం తెలివితక్కువవాళ్ళమేమోనని. వెంటనే వెళ్ళి నాన్నని అడిగేవాడు. "ఛ, కాదురా," అనేవాడు నాన్న. అంతే, అనుమానం తీరిపోయేది.

ఇప్పుడు గౌరికి పెద్ద చిక్కొచ్చింది. భార్య రవణమ్మ పురిటికని కొండమీద నిమ్మలమెట్టలో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. ఐదో నెల వచ్చింది. గౌరి చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ పిల్ల బోసినోటితో నవ్వడం మొదలెట్టేసరికి ఇంటికి బయల్దేరే వేళయ్యేది. ఆ నవ్వు తలుచుకుని దారంతా ఏడ్చుకుంటూ వచ్చేవాడు పాపం. ఆదివారం మంచిరోజు, పొద్దున్న పదకొండు లోపు తల్లీబిడ్డా అత్తారింటి గడపలో కుడికాలు పెట్టాలన్నారు పంతులుగారు. ఆ వేళ దాటితే మూఢం. ఇక రెండు నెలల దాకా మంచిరోజు లేదు.

మరి తీసుకురావచ్చుగా అంటారు. అక్కడే ఉంది తిరకాసు. కొండదారి నిండా రాళ్ళు. జీపు పొట్ట రాళ్ళకి రాసుకుపోతోందని టీకొట్టులో ఎవరో అన్నారు, "బండి ఎత్తు పెంచండయ్యా," అని. ఇంకేముంది, నలుగురూ కలిసి రెండు చెక్కలు వేసి జీపుని ఇంటి అరుగు మీదికి ఎక్కించేశారు. "ఇంతకంటే ఎత్తు ఈ ఊళ్ళో ఏ బండికీ లేదు," అన్నాడు సన్యాసయ్య. నాలుగు రోజులు ఊరంతా చూసిపోయింది. తరవాత ఎవరో జాలిపడి, ఎత్తంటే అది కాదు, స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి పెద్ద టైర్లు వేయించాలని చెప్పారు. అదీ చేయించారు. జీపు లేచి నిలబడింది గాని, చిన్న గుంత కనబడితే చాలు, మేకపిల్లలా ఎగరడం మొదలెట్టింది. ఒకసారి గౌరి అత్తగారు చిలకమ్మని సంతకి ఎక్కించుకెళ్తే, ఆవిడ తల పైకమ్మీకి కొట్టుకుని నిమ్మకాయంత బొప్పి కట్టింది.

అది చూసిన రవణమ్మ తేల్చి చెప్పేసింది. "ఎగిరే బండిలో నా బిడ్డని ఎక్కించను. కుదుపు లేని బండి తెస్తే ఆదివారం వస్తాను. లేదంటే లేదు." అన్న మాట మీద నిలబడేది ఆ ఇంటికొచ్చిన కోడలొక్కతే.

గౌరి పరుగున టౌనుకెళ్ళి మెకానిక్కు మస్తాన్ కాళ్ళ మీద పడ్డాడు. మస్తాన్ ఓపికస్తుడు. "బండి లేచింది, షాకులు లేవలేదు," అన్నాడు. "చక్రం పక్కన గొట్టాలుంటాయి చూడు, కుదుపుని మింగేవి, అవే షాకులు. చక్రం గుంతలోకి దిగబోతే మీ పొట్టి షాకు దాన్ని పట్టుకు గుంజేస్తోంది. పొడుగువి కావాలి. అలాగని మరీ పొడుగైతే, చక్రం పైకొచ్చినప్పుడు లోపలికంటా ముడుచుకుని పగిలిపోతుంది. అది ముడుచుకోకముందే చక్రాన్ని ఆపడానికి చాసీ కింద రబ్బరు దిమ్మ ఉంటుంది. బంప్ స్టాప్ అంటారు. దాన్నీ కిందికి దింపాలి. బండి పట్రా."

"రాదన్నా. ఒక షాకు ఊడి చక్రానికి అడ్డం పడుతోంది."

"అయితే కొలతలు పట్రా. రోజూ ఎక్కే మనుషులంతా ఎక్కి కూర్చున్నాక ఒక కొలత. చక్రం గాల్లో వేలాడేటప్పుడు ఒక కొలత. చక్రం పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు ఒక కొలత. అంతే."

అంతే అన్నాడు గాని, అంతటితో అవుతుందా? గౌరి ఇంటికొచ్చి ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు. నలుగురూ వెళ్ళి జీపెక్కి కూర్చున్నారు. కూర్చున్నారు, కూర్చున్నారు. దారినపోయే ఎదురింటి పైడమ్మ ఆగి, "ఏటి చేస్తున్నారు?" అంది.

"కొలుస్తున్నాం," అన్నాడు అప్పలకొండ.

"ఎవరు కొలుస్తున్నారు?"

నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గౌరి దిగబోయాడు. "ఆగరా! నువ్వు రోజూ ఎక్కే మనిషివి. నువ్వు దిగితే బండి తేలికైపోదూ?" అని రెక్క పట్టుకు లాగాడు సన్యాసయ్య. పోలినాయుడు దిగబోతే అదే గొడవ. చివరికి పోలినాయుడికే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "గౌరి బదులు గేదెని ఎక్కిద్దాం మావయ్యా."

"గేదె వీడంత బరువుంటుందా?"

"బరువు సంగతి తెలీదు గాని, వీడికంటే బుద్ధిగా కూర్చుంటుంది."

గౌరికి కాస్త చిన్నతనమనిపించింది గాని, నిజమేగదా అని ఊరుకున్నాడు. గేదెని ఎక్కించారు. గౌరి కిందకి దూరి కొలిచాడు. తీరా కొలిచాక గేదె దిగనంటుంది. సీటు మెత్తగా ఉందిగా! ఆ సాయంత్రం పాలు జీపులోనే పితకాల్సొచ్చింది. నాయనమ్మ చెంబు పట్టుకుని స్టీరింగు పక్కన గొంతుక్కూర్చుని, ఆ నలుగుర్నీ తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూ పితికింది.

రెండో కొలత, చక్రం గాల్లో వేలాడేటప్పుడు. ఇది తేలికే అనుకున్నారు. బోల్టులు విప్పారు, చక్రాన్ని దొర్లించుకుంటూ పెరట్లో పనసచెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు, మోకు వేసి కొమ్మకి వేలాడదీశారు. చక్రం గాల్లో గుండ్రంగా తిరుగుతూ ఊగుతుంటే చూడముచ్చటగా ఉంది. కొమ్మ నుంచి చక్రం దాకా ఉన్న మోకు కొలిస్తే రెండు బారలొచ్చింది.

గౌరికి మళ్ళీ అనుమానమొచ్చింది. "చెట్టుకి వేలాడితే ఆ సంగతి షాకుకెలా తెలుస్తుంది నాన్నా?" అన్నాడు.

"చక్రం వేలాడిందా లేదా?"

"వేలాడింది."

"గాల్లోనేనా?"

"గాల్లోనే."

"మరింకేటి?" అన్నాడు సన్యాసయ్య. నిజమే కదా, ఇంకేముంది, గౌరి మోకు చుట్టుకుని టౌనుకెళ్ళాడు. మస్తాన్ ఆ మోకు చూసి, గౌరిని చూసి, మళ్ళీ మోకు చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ఇంత పొడుగు షాకు రైలింజనుకి కూడా ఉండదురా నాయనా! చక్రం బండికి ఉండగానే వేలాడాలి. జాకీ పెట్టి బండిని లేపితే చక్రం దానంతటదే కిందికి దిగుతుంది. అప్పుడు పైబోల్టు నుంచి కిందిబోల్టు దాకా ఎంతుందో చూసి, అదే కొలత చెడకుండా నాకు పట్రా. చెడకుండా, వింటున్నావా? రేపు శనివారం. ఎల్లుండే కదా నీ మంచిరోజు!"

ఆ మాటతో గౌరి మోకు అక్కడే పడేశాడు. ఎల్లుండే! ఇంటికి పరుగెత్తాడు. రాత్రే చక్రం మళ్ళీ బిగించి, జాకీ పెట్టి లేపారు. ఈసారి మస్తాన్ చెప్పింది చెప్పినట్టు కుదిరింది. పైబోల్టు దగ్గర ఒక అరచెయ్యి, కిందిబోల్టు దగ్గర ఒక అరచెయ్యి పెట్టి సన్యాసయ్య కొలత పట్టాడు. జాకీ దింపి, గేదెతో సహా మిగతావాళ్ళంతా ఎక్కి తొక్కితే ముడుచుకున్న కొలత అప్పలకొండ చేతుల్లోకొచ్చింది.

"టేపు తేనా?" అన్నాడు గౌరి.

"టేపుతో చూస్తే అంకె గుర్తుపెట్టుకోవాలి. దారిలో మర్చిపోతే?" అన్నాడు సన్యాసయ్య. "కొలత నా చేతుల్లో ఉంది. చెడకుండా తెమ్మన్నాడు. చేతులు కదిపితేగా చెడడానికి!"

అంతే. ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ చేతులు అలాగే చాపుకుని కూర్చున్నారు. నాయనమ్మ ఇద్దరు కొడుకులకీ ముద్దలు కలిపి తినిపించింది. "చిన్నప్పుడు తినిపించాను, పెద్దయ్యాక తినిపిస్తున్నాను, మధ్యలో మీరు ఎదిగిందెప్పుడ్రా?" అని ముక్కు చీదింది. పడుకుంటే చేతులు కదులుతాయని వాళ్ళు పడుకోలేదు. అప్పలకొండకి ముక్కు దురద పుట్టినప్పుడల్లా పోలినాయుడు లేచి గోకాడు. ఒకసారి నిద్రమత్తులో తన ముక్కు గోక్కుని, "తగ్గిందా?" అని కూడా అడిగాడు.

తెల్లారి బస్సెక్కారు. ఎక్కడానికే ముప్పుతిప్పలు. సన్యాసయ్య చేతులు చాపితే తలుపులో పట్టడు, పక్కకి తిప్పి దూర్చారు. పట్టుకోవడానికి చెయ్యి లేదు కదా, మలుపు తిరిగినప్పుడల్లా ఆయన వెళ్ళి ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోవడం, మళ్ళీ చేతులు అలాగే చాపుకుని లేవడం. "పెద్దాయనకి పక్షవాతమా?" అని ఎవరో అడిగితే, "కాదండీ, షాకు," అన్నాడు గౌరి. అవతలాయన అయ్యో పాపం అన్నాడు.

సంత దగ్గర బస్సాగింది. ఎక్కిందెవరు? సాక్షాత్తూ గౌరి మామగారు గంగునాయుడు, నిమ్మలమెట్ట నుంచి దిగి ఏదో పని మీద టౌనుకెళ్తున్నాడు. వియ్యంకుణ్ణి చూడగానే దణ్ణం పెట్టాడు. సన్యాసయ్య దణ్ణం పెట్టలేదు. చేతులు చాపుకుని, నోరు తెరుచుకుని, బిక్కమొహంతో నిలబడ్డాడు. గంగునాయుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళప్పుడు పెట్టుపోతల దగ్గర మాటామాటా అనుకున్నారు, ఆనాటి నుంచీ ఇద్దరికీ కొంచెం ఎడంగానే ఉంది. ఇవాళ ఈయన నిండు బస్సులో చేతులు చాపి కౌగిలికి పిలుస్తున్నాడు! "బావా!" అంటూ వచ్చి ఆ రెండు చేతుల మధ్య దూరిపోయాడు.

"కొలత! కొలత!" అని కేకలేశాడు సన్యాసయ్య.

"నాన్నా, చేతులు కదపకు!" అన్నాడు గౌరి. కదల్లేదు. గంగునాయుడు అటూ ఇటూ సందు లేకుండా సరిగ్గా ఆ చేతుల మధ్య పట్టాడు. పోలినాయుడు చుట్టూ తిరిగి చూసి, "మావయ్యా, ఇక మీరు చేతులు దించెయ్యొచ్చు," అన్నాడు. "కొలత ఈయనలోకి వెళ్ళిపోయింది."

ఇంకేముంది, గంగునాయుడి పని కాస్తా గంగలో కలిసింది. బస్సు దిగగానే చెరో రెక్కా పట్టుకుని, ఊపిరి గట్టిగా పీలిస్తే కొలత పెరుగుతుందని బతిమాలుకుంటూ, దారిలో ఆయన టిఫినంటే, తింటే కొలత ఏమవుతుందో అని గజగజలాడుతూ, మస్తాన్ షెడ్డుకి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఆ హడావుడిలో అప్పలకొండ తన కొలత మర్చిపోయి ఒళ్ళు విరుచుకున్నాడు. ఆ కొలత గాల్లో కలిసిపోయింది.

"షాకు కొలతేది?" అన్నాడు మస్తాన్.

"ఇదిగో," అని గంగునాయుణ్ణి ముందుకు తోశారు.

"ఈయనా? ఇంత పొడుగా?"

"పొడుగు చూడకన్నా, అడ్డం చూడు," అన్నాడు గౌరి. "మా మామ అడ్డం షాకుకి పొడుగు."

మస్తాన్ గౌరి వంక చూశాడు. రాత్రంతా నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. "నాకు తెలుసన్నా," అన్నాడు గౌరి. "మేం సన్నాసులం. ఎలా చేసినా ఏదో ఒకటి తగలేస్తాం. గాని నా కూతురు నా ఇంట్లో ఉండాలన్నా. రేపు పదకొండు దాటిందంటే రెండు నెలలు. అప్పటికి అది నన్ను చూసి ఎవరో అనుకుని ఏడుస్తుంది."

మస్తాన్ రకరకాల షాకులు, రబ్బరు దిమ్మలు ఒక సంచిలో వేసుకుని, మోటారుసైకిలెక్కి బూరుగుపాలెం వచ్చేశాడు. టేపుతో తనే కొలిచాడు. చక్రం ఎంత కిందికి వేలాడినా గుంజకుండా, ఎంత పైకొచ్చినా ఇంకా కాస్త ముడుచుకోడానికి చోటుండేలా నాలుగు షాకులు ఏరి బిగించాడు. బంప్ స్టాపుల్ని కొత్త ఎత్తుకి తగినట్టు కిందికి దింపాడు. అంతా అయ్యాక పొద్దుగుంకింది. "ఇప్పుడిది ఉయ్యాల," అన్నాడు. "పెద్ద గుంతొచ్చి రబ్బరు ధబ్బుమని తగిలిందనుకో, వేగం తగ్గించండి. అంతే. ఇంకేం చెప్పను. మీకు ఎక్కువ చెప్పకూడదు."

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. జీపు నిజంగానే ఉయ్యాల. రాళ్ళమీద నీళ్ళలా పారిపోతోంది. గౌరికి ఆనందం పట్టడంలేదు. గాని వెనకాల గుసగుసలు మొదలయ్యాయి. అప్పలకొండ బండి అడుగుకి చెవి ఆనించి పడుకున్నాడు. "ధబ్బుమనట్లేదురా," అన్నాడు.

"రబ్బరు పనిచెయ్యట్లేదేమో!" అన్నాడు పోలినాయుడు.

"మస్తాన్ మోసం చేశాడు," అని తేల్చేశాడు సన్యాసయ్య. "ఒరే గౌరీ, గుంతలో పోనీరా."

"పోయాను నాన్నా. తెలీలేదు."

"ఇంకా పెద్దది చూడరా."

అంతే, మంచిదారి వదిలేసి గుంతలు వెతుక్కుంటూ పోయారు. వాగు తొవ్వేసిన గొయ్యి ఒకటి కనబడితే అందులోకి దింపారు. అప్పుడు ధబ్బుమంది. "తగిలింది! తగిలింది!" అని చంకలు గుద్దుకున్నారు. తగిలితే వేగం తగ్గించమన్నాడుగా, అక్కణ్ణుంచి నిమ్మలమెట్ట దాకా నత్తనడకే. పక్కన నడిచిపోతున్న ముసలమ్మ వాళ్ళని దాటి ముందుకెళ్ళిపోయింది.

ఎలాగైతేనేం చేరారు. రవణమ్మ జీపు చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద నీళ్ళచెంబు పెట్టి, గౌరిని కొంతదూరం నడిపి చూపించమంది. చుక్క తొణకలేదు. "ఏటి మావా, నిజంగా నువ్వే చేయించావా?" అంది. ఆ మాటకి గౌరి ఒళ్ళంతా పులకరించింది. బిడ్డనెత్తుకుని ముందుసీట్లో కూర్చుంది. ఐదు నెలలుగా రాత్రిళ్ళు నిద్రలేని తల్లి, బండి కదలగానే గౌరి భుజం మీద తల వాల్చేసింది. బిడ్డ అంతకుముందే నిద్రపోయింది. చిలకమ్మ బండి పక్కన నడుస్తూ చెప్పింది, "అల్లుడూ, ఇప్పుడే పడుకుంది. అది లేచేదాకా బండి ఎక్కడా ఆపకు. ఆపావంటే లేచి ఊరెత్తిపోయేలా ఏడుస్తుంది."

"ఆపను అత్తా," అన్నాడు గౌరి. కోరాడవారి మాట!

కొండ దిగారు. వాగు దాటారు. బూరుగుపాలెం వచ్చింది. గుమ్మంలో నాయనమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో సిద్ధంగా ఉంది. గౌరి బిడ్డ వంక చూశాడు. గుప్పెడు బిగించుకుని హాయిగా నిద్రపోతోంది. ఇంకేముంది, జీపు ఇంటిముందు నుంచి సాఫీగా వెళ్ళిపోయింది. "ఒరేయ్! ఇల్లిదిరా!" అని నాయనమ్మ పళ్ళెంతో పరుగెత్తింది. "లేవలేదు నాయనమ్మా!" అని గుసగుసగా చెప్పి ముందుకు పోనిచ్చాడు. ఊరు చుట్టూ తిరిగారు. లేవలేదు. మళ్ళీ తిరిగారు. లేవలేదు. "ఇక్కడిక్కడే తిరిగితే నాకు కళ్ళు తిరుగుతున్నాయిరా, ఎటైనా తిన్నగా పోనీ," అన్నాడు అప్పలకొండ. ఆ ఊళ్ళో తిన్నగా ఉన్నదారి ఒక్కటే. గౌరి చూపు సగం దారి మీద, సగం బిడ్డ మీద. ఎటు పోతున్నాడో చూసుకోలేదు. తన భుజం మీద పెళ్ళాం, ఆమె ఒళ్ళో కూతురు. అలా ఎంతసేపు పోయినా పోవచ్చనిపించింది పిచ్చివాడికి.

బిడ్డ కెవ్వుమంది. గౌరి టక్కున బ్రేకు వేశాడు. ఎదురుగా ఇల్లు, ఇంటికి గడప. "వేళ దాటిపోతోందిరా, దింపు దింపు!" అన్నాడు సన్యాసయ్య. నలుగురూ కలిసి నిద్రమత్తులో తూగుతున్న రవణమ్మని దింపి, బిడ్డతో సహా నడిపించి, "కుడికాలు, కుడికాలు!" అని అరుస్తూ గడప దాటించేశారు. చప్పట్లు కొట్టారు. వంటింట్లోంచి చిలకమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఏటి మర్చిపోయారు?" అంది.

రవణమ్మ కళ్ళు తెరిచింది. పుట్టింటి గోడ, పుట్టింటి గడప, ఎదురుగా కన్నతల్లి. "ఇంకా బయల్దేరనేలేదా?" అని అదిరిపడింది. "వేళ మించిపోతోంది మావా, కదలండి! తొందరగా పోనివ్వండి!"

ఆవిడ తొందరగా పోనివ్వమంది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు. నలుగురూ ఒక్క గంతులో జీపెక్కారు. జీపు దుమ్ము రేపుకుంటూ కొండ దిగింది. వెనకాల ఆడవాళ్ళు ఏవో కేకలేస్తున్నారు. "సాగనంపుతున్నారు," అన్నాడు పోలినాయుడు, చెయ్యూపుతూ. రాళ్ళమీద పోయినా, గుంతల్లో పడ్డా ఒక్క కుదుపు లేదు. పక్కసీటు వైపు చూస్తే ఎక్కడ బండి అదుపు తప్పుతుందో అని గౌరి ఈసారి దారి మీద నుంచి చూపు తిప్పలేదు. పదకొండు కొట్టేలోపు బూరుగుపాలెంలో ఇంటిముందు ఆపాడు. నలుగురూ వరసగా కుడికాళ్ళు పెట్టి గడప దాటారు.

నాయనమ్మ పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనక్కి చూసింది. ఖాళీ జీపు చూసింది. గౌరిని చూసింది. "ఒరే, పిల్లేదిరా?" అని కొండ మారుమోగేలా అరిచింది.

గౌరి చప్పున వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"ష్! మెల్లగా నాయనమ్మా. అక్కడ ఇప్పుడే మళ్ళీ పడుకునుంటుంది."